మాటు, కళాయి, మాడ్‌చిప్: రెజిమెంటల్ బజారు చుట్టూ ఒక పనితనపు చరిత్ర

సోల్డరింగుకు తెలుగులో మాట లేదనీ, ఉన్నా అది పాఠ్యపుస్తకాల కోసం పుట్టించిన "టంకం" తప్ప మరొకటి కాదనీ మనలో చాలామంది అభిప్రాయం. సాంకేతిక పదాలకు తెలుగు వెదకడంలో ఎంతో ఉత్సాహం చూపే మిత్రులు కూడా ఈ మాట దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తారు. నిజానికి కంసాలి ఇంట ఈ పనికి ఎప్పటినుంచో "మాటు" అని పేరు. రెండు ముక్కలను వాటికంటే తక్కువ వేడికి కరిగే మూడో లోహంతో అతికించడమే మాటు పెట్టడం. "మాటు వేయుట" అంటే పొంచి ఉండుట అనే అర్థం కూడా ఉన్నది కదా! ఈ రెండు మాటలకూ చుట్టరికం ఉన్నదో లేదో నిఘంటుకారులకు వదిలివేద్దాం. మంచి కంసాలి పెట్టిన మాటు మాత్రం కంటికి కనపడకుండా దాగి ఉండేదే.

టంకం కూడా నిన్నమొన్నటి మాట కాదు. సంస్కృతంలో టంకణం అంటే వెలిగారం. బంగారు పని చేసేవారు అతుకు దగ్గర చల్లే తెల్లటి పొడి అది. ముడి వెలిగారానికి ఇంగ్లీషువారు వాడే "టింకాల్" అన్న మాట ఈ టంకణం నుంచే దేశాలు తిరిగి అక్కడికి చేరింది. హిందీలో "టాంకా" అంటే బట్టకు వేసే కుట్టు, లోహానికి వేసే అతుకు కూడా. తగరపు డబ్బాలకు అతుకులు వేసేవారి నోట సికింద్రాబాదులో ఈ టాంకాయే వినపడుతుంది. ఇక రేడియో, టీవీ మెకానిక్కులది వేరే నిఘంటువు: సోల్డరింగ్ లెడ్, పేస్టు, సక్కర్, డ్రై సోల్డర్. ఒకే పనికి ఇన్ని పేర్లుండడం భాషాపరమైన గందరగోళమని నేననుకోను. ఆ పని ఎన్ని చేతులు మారిందో చెప్పే దాఖలా అది.

పాత వీడియోగేమ్ యంత్రాలను విప్పి, తీగలు మార్చి, లోపల కొత్త చిప్పులు అతికించి నేటి టీవీల మీద ఆడించుకోవడం ఇప్పుడు ప్రపంచమంతటా ఒక వ్యాపకం. దానికి కావలసిన ఏకైక విద్య సోల్డరింగే. దీని గురించి చదివేవాటిలో ఎక్కువభాగం జపాను, అమెరికా, యూరపుల కథలే కనిపిస్తాయి. మన దగ్గర ఈ పని వ్యాపకంగా కాక అవసరంగా మొదలయింది. ఆ అవసరం ఎక్కడిదో చూడాలంటే రెజిమెంటల్ బజారు దాకా నడవాలి.

సికింద్రాబాదు స్టేషనుకు కూతవేటు దూరంలో, మోండా మార్కెట్టును ఆనుకొని ఉన్న ఈ పేటకు పేరే చరిత్ర. 1798లో నిజాముకు, ఈస్టిండియా కంపెనీకి కుదిరిన ఒప్పందం ప్రకారం వచ్చి దిగిన సైన్యం హుస్సేన్ సాగరుకు ఉత్తరాన విడిది చేసింది. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీద ఆ దండు విడిదికి సికింద్రాబాదు అని పేరు పెట్టారు. జనం మాత్రం లష్కర్ అనే అన్నారు. లష్కర్ బోనాలలో ఆ పేరు నేటికీ బతికే ఉన్నది. కంపెనీ పటాలం ఎక్కడ దిగితే అక్కడ దాని వెంట ఒక బజారు దిగేది. కోమటి, చాకలి, మంగలి, దర్జీ, కమ్మరి, కంసాలి, కళాయివాడు అందరూ ఆ బజారులోనివారే. అట్లా పటాలానికి అంటిపెట్టుకొని ఉన్న అంగడి కనుకనే రెజిమెంటల్ బజారు అయింది. జనరల్ బజారు, పాట్ మార్కెట్టు కూడా పక్కపక్కనే పెరిగాయి. పాట్ మార్కెట్టులో నేటికీ నగల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. మాటు అన్న మాట వినాలనుకునేవారు ఆ సందులకు వెళ్ళవచ్చు.

ఈ బజారు మనుషులలో ఒక్క కళాయివాడి దగ్గర కాస్త ఆగుతాను. సిపాయిల వంట, గోరాల వంట రెండూ పెద్ద పెద్ద రాగి పాత్రలలో సాగేవి. రాగి పాత్రలో పులుసు పోస్తే చిలుము పట్టి విషమవుతుంది. అందుకని లోపల తగరపు పూత వేయాలి. ఆ పూత అరిగినప్పుడల్లా మళ్ళీ వేయాలి. పటాలానికి కళాయివాడు లేకుంటే వంట లేదు. కళాయి అన్నదే తగరానికి అరబ్బీ పేరు. ఉర్దూ మీదుగా మన ఇళ్ళలోకి వచ్చింది.

మనలో నలభై దాటినవారు ఆ పనిని కళ్ళారా చూసే ఉంటారు. వీధిలో గుంట తవ్వి, తిత్తి పెట్టి, బొగ్గులు రాజేసి, గిన్నెను కాల్చేవాడు. తగరపు కడ్డీని ఒక్క గీత గీసి, చిటికెడు నవాసాగరం చల్లగానే గుప్పుమని తెల్లటి పొగ వచ్చేది. దూదిగుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే నల్లటి గిన్నె వెండిలాగా మెరిసేది. పిల్లలకు అది ఇంద్రజాలం. జరిగేది మాత్రం స్వచ్ఛమైన రసాయనశాస్త్రం. ఏ లోహం మీదనైనా గాలి తగిలి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతసేపూ కరిగిన తగరం తామరాకు మీది నీటిబొట్టులా జారిపోతుందే గాని అంటుకోదు. నవాసాగరం వేడికి విడిపోయి, అందులోంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడు ఆ పొరను తినేస్తుంది. అప్పుడు తగరం లోహాన్ని "తడుపుతుంది". ఈ తడపడమే సోల్డరింగు మొత్తానికి ఆయువుపట్టు. కంసాలి వెలిగారం, కళాయివాడి నవాసాగరం, రేడియో మెకానిక్కు రోజిన్ పేస్టు, ఈ మూడూ చేసేది ఒకే పని. నవాసాగరం ఘాటైన సరుకు. గిన్నెకు మేలు గాని, సన్నటి రాగి తీగల మీద మిగిలిపోతే వాటిని క్రమంగా తినేస్తుంది. అందుకే ఎలక్ట్రానిక్సుకు పైన్ చెట్ల బంక నుంచి తీసే సాధువైన రోజిన్ వచ్చింది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. కంసాలి మనుమడు కళాయివాడై, అతని మనుమడు టీవీ మెకానిక్కు అయినాడని నేను చెప్పడం లేదు. అటువంటి వంశవృక్షాలు వినసొంపుగా ఉంటాయి గాని, బజారు అట్లా నడవదు. కులవృత్తి ఇంట్లో నేర్పేది. బజారు పని పక్క దుకాణంలో చూసి నేర్చుకునేది. రెజిమెంటల్ బజారు వంటి చోట తరాల కొనసాగింపు కంటే అవసరాల కొనసాగింపే ఎక్కువ. దండుకు ఏది పాడైతే దానిని బాగుచేసే మనిషి ఆ చుట్టుపక్కల ఉండవలసి వచ్చింది. మొదట గిన్నె, తరువాత లాంతరు, ఆ తరువాత రేడియో.

రైలు 1874లో వచ్చింది. లాలాగూడలో రైల్వే కర్మాగారం వెలిసింది. మెట్టుగూడలో సిగ్నళ్ళ, టెలికమ్యూనికేషన్ల వర్క్‌షాపు, తిరుమలగిరిలో సైన్యంవారి ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగు కళాశాల తరువాతి కాలానివి. జీతమిచ్చి మరీ సోల్డరింగ్ ఐరన్ చేత పట్టించే సంస్థలు ఒక ఊరి చుట్టూ ఇన్ని ఉండడం మామూలు సంగతి కాదు. వీటికి తోడు 1967లో ఎ.ఎస్.రావు గారి సారథ్యంలో ఈసీఐఎల్ ఏర్పడింది. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారం చేసిన ప్రయోగంలో, ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు టీవీలు తయారుచేసి ఇచ్చింది హైదరాబాదులోని ఈ సంస్థే. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయింది. రంగుల టీవీ 1982లో, ఏషియాడ్ పేరుతో వచ్చింది. 1980ల నడిమికి వచ్చేసరికి సికింద్రాబాదులో సందుకొక టీవీ మెకానిక్కు. అతని బల్ల మీద 25 వాట్ల సోల్డ్రాన్ ఐరన్, ఒక రేకు డబ్బాలో పేస్టు, పక్కనే టీ గ్లాసు. ఆ టీ గ్లాసు సంగతి మళ్ళీ వస్తుంది.

జపానులో నింటెండో వారి ఫ్యామికామ్ 1983 జులైలో విడుదలయింది. అమెరికాలో దాని అవతారమైన ఎన్‌ఈఎస్ 1985లో వచ్చింది. ఈ రెండూ మన దేశంలోకి దుకాణాల ద్వారా రాలేదు. సూట్‌కేసులలో వచ్చాయి. సింగపూరు నుంచో, గల్ఫు నుంచో, అమెరికాలో స్థిరపడిన మేనమామ ఇంటి నుంచో వచ్చిన ఆ డబ్బా మన ఇంట్లో నేరుగా పనిచేసే అవకాశం దాదాపు లేదు. ఎందుకో వివరంగా చెప్పుకుందాం. మన దగ్గర యంత్రాలను మార్చే విద్యకు మూలం ఇక్కడే ఉన్నది.

మొదటిది కరెంటు. అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టరు 120 వోల్టులకు చేసినది. మన 230 వోల్టుల గోడకు తగిలిస్తే క్షణంలో మాడిపోతుంది. మెకానిక్కు కొత్త ట్రాన్స్‌ఫార్మరు వెదికి వేయాలి. అందులోనూ ఒక మెలిక. ఎన్‌ఈఎస్‌కు అడాప్టరు ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. లోపల రెక్టిఫయరు ఉండడం వల్ల ఏసీ ఇచ్చినా డీసీ ఇచ్చినా నడుస్తుంది. ఫ్యామికామ్‌కు అట్లా కాదు. దానికి డీసీయే కావాలి. అదీ మధ్య పిన్ను ఋణధ్రువంగా ఉండే డీసీ. రెండు డబ్బాలూ ఒకే ఆటలు ఆడతాయి కదా అని ఒకదాని అడాప్టరు మరొకదానికి పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

రెండవది ప్రసార మార్గం. ఆనాటి యంత్రాలు బొమ్మను టీవీ ఛానలు రూపంలో, యాంటెన్నా తీగ గుండా పంపేవి. ఫ్యామికామ్ పంపేది జపాను ఒకటవ లేక రెండవ ఛానలు మీద, అనగా 91.25 లేక 97.25 మెగాహెర్ట్జ్ దగ్గర. అది మన దేశంలో టీవీకి కేటాయించిన పట్టీలలో లేదు. తరువాతి రోజుల్లో ఎఫ్‌ఎం రేడియోలు వచ్చి కూర్చున్న చోటు అది. కాబట్టి ఎంత తిప్పినా మన టీవీలో చాలావాటికి ఆ బొమ్మ చిక్కదు.

మూడవది రంగు. జపాను, అమెరికాలది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మనది పాల్. ఛానలు చిక్కినా రంగు రాదు. పైగా సెకనుకు 60 చిత్రాల లెక్కకూ 50 చిత్రాల లెక్కకూ పొసగక బొమ్మ పైకి కిందికి దొర్లుతుంది. లోపలి స్ఫటికాన్ని మార్చి వేస్తే సరిపోతుందనుకోవడం సహజం. ఫ్యామికామ్ చిత్రాల చిప్పు విషయంలో అది కుదరదు. రంగు సంకేతాన్ని ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో కూర్చే పని ఆ చిప్పు లోపలే జరిగిపోతుంది. బయట ఏ తీగ మార్చినా పాల్ రాదు. మెకానిక్కుకు మిగిలే దారి ఒక్కటే. ఛానలుగా మారకముందే ఆ చిప్పు నుంచి నేరుగా బొమ్మను తీసుకొని, బహుపద్ధతుల టీవీకో వీసీఆరుకో అందించడం.

నేటి అభిమానులు "ఏవీ మాడ్" అని పిలుచుకునే పని ఇదే. దానిని ఎట్లా చేస్తారో చెబుతాను. ఫ్యామికామ్ లోపల 40 కాళ్ళ చిప్పులు రెండు ఉంటాయి. ఒకటి లెక్కలు చూసి శబ్దం పుట్టిస్తుంది, రెండవది బొమ్మ గీస్తుంది. బొమ్మ చిప్పు 21వ కాలు నుంచి కాంపోజిట్ వీడియో వస్తుంది. అయితే ఆ సంకేతానికి 75 ఓముల తీగను నడిపే సత్తువ లేదు. అందుకని మధ్య ఒక చిన్న ట్రాన్సిస్టరు, ఒకటి రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటరు పెట్టాలి. ఖర్చు కొద్ది రూపాయలు. పనితనం అంతా అతుకులలోనే. తీగను 21వ కాలికి ఊరికే తగిలిస్తే బొమ్మ వస్తుంది గాని, బోర్డు మీది రొద అంతా దానితో కలిసి తెర మీద నిలువు చారలు పడతాయి. వీటికి అభిమానులు పెట్టిన పేరు "జైలు ఊచలు". ఊచలు పోవాలంటే ఆ ఒక్క కాలిని బోర్డు నుంచి ఊడదీసి, పైకి లేపి, గాలిలోనే ట్రాన్సిస్టరుకు కలపాలి. 40 కాళ్ళలో ఒక్కదానిని, పక్కవాటికి వేడి సోకకుండా.

అతకడం కంటే ఊడదీయడమే కష్టమని ఈ పని చేసినవారందరూ ఒప్పుకుంటారు. పాత సోల్డరు మీద ఆక్సైడు పేరుకొని సరిగా కరగదు. దానిని తీయడానికి ముందు కొంచెం కొత్త సోల్డరు కలపాలి. తీయవలసిన చోట మరింత వేయడమేమిటని కొత్తవారికి వింతగా ఉంటుంది. కొత్తదానిలోని రోజిన్ పాతదానిని కడుగుతుంది, అప్పుడు రెండూ కలిసి నీళ్ళలా పారి సక్కర్‌కు వస్తాయి. ఓపిక లేక ఐరన్ అదిమిపెడితే బోర్డు మీది రాగి బిళ్ళ జిగురు వదిలి కాలితో పాటు లేచి వచ్చేస్తుంది. ఇక అక్కడ అతకడానికి నేల ఉండదు. వేడి చేయవలసింది సోల్డరును కాదు, అతుకును. ఐరన్ మొన రాగిబిళ్ళనూ కాలునూ ఒకేసారి తాకాలి. రెండు మూడు క్షణాల తరువాత సోల్డరును ఎదుటివైపు నుంచి తాకిస్తే అది తనంతట తానే లోపలికి పాకుతుంది. మంచి అతుకు గుడి మెట్టు మీద పూసిన సున్నంలా అంచులకు పలచబడుతూ ఒదిగి ఉంటుంది. చెడ్డది ముత్యంలా గుండ్రంగా, మసకగా కూర్చుంటుంది. చూడటానికి చెడ్డదే అందంగా ఉన్నదని మోసపోయేవారున్నారు.

ఆ మసక అతుకుకే మన మెకానిక్కులు పెట్టుకున్న పేరు డ్రై సోల్డర్. టీవీ నెత్తిన ఒక్కటి చరిస్తే బొమ్మ వచ్చేదని మనందరికీ తెలుసు. తరాల పాటు తెలుగు ఇళ్ళలో సాగిన ఆ వైద్యానికి కారణం లోపలెక్కడో ఒక పొడి అతుకు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి లోహం అలసిపోయి వెంట్రుకవాసి చీలిక వచ్చేది. వీడియోగేముల్లో ఇది ఎక్కువగా 7805 రెగ్యులేటరు కాళ్ళ దగ్గర కనిపిస్తుంది. 9 వోల్టులను 5కు దించి, మిగిలినదానిని వేడిగా వదిలివేసే భాగమది. అర ఆంపియరు ప్రవహిస్తే రెండు వాట్ల వేడి. వేసవి సెలవుల మధ్యాహ్నం మూడు గంటల పాటు ఏకబిగిన కాంట్రా ఆడిన ఇంట్లో ఆ అతుకులు ఎంతకాలం నిలుస్తాయి?

1990లలో ఈ దిగుమతి యంత్రాల వెతలకు బజారే ఒక జవాబు తెచ్చింది. తైవానుకు చెందిన యూఎంసీ సంస్థ ఫ్యామికామ్ చిప్పులకు నకళ్ళు తయారుచేసింది. వాటిలో పాల్ దేశాల కోసం చేసినవి చాలా తెలివైనవి. బొమ్మ సెకనుకు 50 సార్లే వస్తుంది, కాని లెక్కల చిప్పు సుమారు 1.77 మెగాహెర్ట్జ్ వేగంతో, ఇంచుమించు జపాను యంత్రపు గడియారంతోనే నడుస్తుంది. అందువల్ల జపాను ఆటలు పెద్ద తేడా లేకుండా మన టీవీల మీద ఆడాయి. యూరపు కోసం నింటెండో తానే చేసిన పాల్ యంత్రంలో ఈ సదుపాయం లేదు. నకలు అసలును మించిందంటే అతిశయోక్తి అవుతుంది గాని, మనవంటి దేశాల అవసరాన్ని పట్టించుకున్నది నకలే. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ అనే పేర్లు వినగానే ముఖం విప్పారే చదువరులు ఈ పుటకు చాలామందే వస్తారని నాకు తెలుసు. మన తరం "వీడియోగేమ్" అన్నది వీటినే. సొంతదారు మాత్రం మన బజారులో లేడు. సెగా సంస్థ షా వాలెస్‌తో ఒప్పందం చేసుకొని మెగాడ్రైవును అధికారికంగా తెచ్చినప్పుడు దాని ధర 18,000 రూపాయలు. ఆ ధరకు కొనగలిగినవారు ఎందరో చెప్పనక్కరలేదు.

మెగాడ్రైవును మార్చడం ఫ్యామికామ్ కంటే సులువు. దాని బోర్డు మీద భాషకూ, 50-60 హెర్ట్జ్ ఎంపికకూ విడివిడిగా జంపర్లున్నాయి. ఒక సన్నని రాగి దారిని బ్లేడుతో కోసి, రెండు మీటలు అమరిస్తే అదే యంత్రం జపానుదిగానూ యూరపుదిగానూ నడుచుకుంటుంది. తయారీదారు డబ్బు ఆదా కోసం అన్ని దేశాలకూ ఒకే బోర్డు చేసి, దేశాల మధ్య గోడలను నాలుగు చుక్కల సోల్డరుతో కట్టాడన్న మాట! ఆ చుక్కలు కరిగించడం తెలిసినవాడికి గోడ లేదు.

మన నకళ్ళ మరమ్మతుకు అంతం పలికింది ఒక నల్ల చుక్క. 1990ల చివరికి వచ్చేసరికి ఫ్యామికామ్ మొత్తాన్ని ఒకే చిప్పులో ఇమిడ్చారు. దానికి కాళ్ళు కూడా పెట్టకుండా, సిలికాన్ పలుకును నేరుగా బోర్డు మీద అతికించి, పైన నల్లటి ఎపాక్సీ బొట్టు వేశారు. విప్పి చూసినవారికి తారు చుక్క పడినట్లు కనిపించేది అదే. 21వ కాలు లేదు, అసలు కాళ్ళే లేవు. పాడైతే బోర్డు మొత్తం పారవేయడమే. మెకానిక్కు దుకాణాలు మూతపడటానికి మనం సాధారణంగా చెప్పుకునే కారణం సెల్‌ఫోన్, చవక టీవీ. నా దృష్టిలో ఈ నల్ల బొట్టు వాటికంటే ముందు వస్తుంది. చేతికి దొరికే కాలు ఉన్నంతవరకే చేతిపనికి విలువ.

ఆ తరువాతి అధ్యాయం రెజిమెంటల్ బజారు నుంచి కొంత దూరం నడిస్తే వచ్చే పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటరులో సాగింది. సీటీసీ అంటేనే జంటనగరాలలో కంప్యూటరు సామాను. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టు ఇటువంటిదే మరొకటి. విడిభాగాలకు కోఠీ గుజరాతీ గల్లీ ఉండనే ఉన్నది. 1994 డిసెంబరులో జపానులో పుట్టిన ప్లేస్టేషన్, 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 మన దేశంలో ఇంత వ్యాపించడానికి మాడ్‌చిప్పే కారణం. సోనీ డిస్కు లోపలి అంచున గాడిని అతి సన్నగా వణికించి నాలుగు అక్షరాలు దాచింది. జపానుకు ఎస్‌సీఈఐ, అమెరికాకు ఎస్‌సీఈఏ, యూరపుకు ఎస్‌సీఈఈ. ఆ వణుకు ఇంట్లో కాల్చిన సీడీకి రాదు. ఎనిమిది కాళ్ళ చిన్న పీఐసీ చిప్పు ఒకటి వేసి కొద్ది తీగలు కలిపితే, డిస్కులో లేకపోయినా ఆ అక్షరాలను అదే వల్లిస్తుంది. ప్లేస్టేషన్ 2 దగ్గరకు వచ్చేసరికి ఇరవైకి పైగా తీగలు, వెంట్రుకల వంటి కాళ్ళు. 25 వాట్ల ఐరన్, వట్టి కన్ను చాలని పని. సన్న మొన, భూతద్దం, వేడి అదుపులో ఉండే స్టేషను కావలసివచ్చాయి.

ఇది దొంగపని కాదా అన్న ప్రశ్నను దాటవేయను. చిప్పు వేయించుకున్నవారిలో అత్యధికులు కాల్చిన డిస్కుల కోసమే వేయించుకున్నారు. అందులో దాచవలసిందేమీ లేదు. అయితే న్యాయస్థానాలకు కూడా ఇది అంత తేలికగా తేలలేదు. స్టీవెన్స్ అనే చిప్పుల వ్యాపారి మీద సోనీ వేసిన దావాలో, 2005 అక్టోబరులో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం వ్యాపారి పక్షాన తీర్పు చెప్పింది. చిప్పు నకలు తీయడాన్ని అడ్డుకునే రక్షణను ఛేదించడం లేదనీ, అప్పటికే జరిగిన నకలును ఆడనివ్వడమే చేస్తుందనీ దాని సారాంశం. మన దేశంలో 2012 వరకు ఇటువంటి తాళాలు తీయడం మీద ప్రత్యేకమైన నిబంధనే లేదు. ఆ సంవత్సరపు సవరణతో కాపీరైటు చట్టంలో 65ఏ విభాగం చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ వరకు శిక్ష. ఉద్దేశం అన్న మాట అందులో ఉండటం ముఖ్యం. తన దగ్గరున్న జపాను ఆటను తన టీవీ మీద ఆడించుకోవాలనుకునేవాడినీ, సంచీ నిండా కాల్చిన డిస్కులు అమ్మేవాడినీ ఒకే గాటన కట్టకూడదన్న స్పృహ అది.

2006 జులై 1 నుంచి యూరపు సీసం కలిపిన సోల్డరును చాలా పరికరాలలో నిషేధించింది. మన దేశపు ఈ-వ్యర్థాల నియమాలు 2012లో అమలులోకి వచ్చి అటే నడిచాయి. తగరం 63 పాళ్ళు, సీసం 37 పాళ్ళు కలిపిన పాత సోల్డరు 183 డిగ్రీలకు ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గడ్డకడుతుంది. విడిగా తగరానికి 232, సీసానికి 327 డిగ్రీలు కావాలి. కలిస్తే రెండింటికంటే తక్కువ వేడికే కరగడం ప్రకృతి వింతలలో ఒకటి. సీసం లేని కొత్త మిశ్రమాలకు 217 డిగ్రీలు దాటాలి. చల్లారాక మంచి అతుకు కూడా మసకగానే ఉంటుంది కాబట్టి మెరుపును బట్టి మంచిచెడ్డలు పోల్చే పాత మెకానిక్కు కన్ను అక్కడ పనికిరాదు.

ఈ మార్పు కాలంలోనే 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 మూడు ఎర్ర దీపాలు వెలిగించి చనిపోవడం మొదలుపెట్టింది. 2007 జులైలో మైక్రోసాఫ్టు వందకోట్ల డాలర్లకు పైగా కేటాయించి వారంటీని మూడేళ్ళకు పొడిగించింది. ప్రపంచంలోని బజార్లన్నీ సీసంలేని సోల్డరునే నిందించాయి. వేడిగాలితో చిప్పు కాల్చి, కింద గుండ్లు మార్చి యంత్రాలను బతికించాయి. అవి కొన్ని వారాలు నడిచి మళ్ళీ పోయేవి. 2021లో మైక్రోసాఫ్టు తానే తీసిన డాక్యుమెంటరీలో అసలు విషయం బయటపెట్టింది. తెగిపోయిన అతుకులు చిప్పుకూ బోర్డుకూ మధ్యవి కావు, చిప్పు పొట్ట లోపలివి. వేడెక్కడం, చల్లారడమనే పాత జబ్బే. చేయి చేరలేని చోట వచ్చింది.

టీ గ్లాసు సంగతి చెబుతానన్నాను. సోల్డరింగు వేడికి సీసం ఆవిరి కాదు. ముక్కుకు తగిలే పొగ రోజిన్‌ది. దానితో ఉబ్బసం వస్తుందని వృత్తిరోగాల వైద్యులు ఏనాడో గుర్తించారు. సీసం వెళ్ళే దారి వేరు. వేళ్ళకు అంటి, ఆ వేళ్ళతో బిస్కెట్టు తిన్నప్పుడు నోట్లోకి. చేతులు కడుక్కోవడం ఒక్కటే మందు. సందులోని ఇరుకు దుకాణంలో కుళాయి ఎక్కడిది? కళాయివాడి తగరంలో సీసం కల్తీ అయితే అది చింతపండు చారుతో కలిసి ఇంటిల్లిపాదికీ అందేది. తగరం, సీసం కలిసిన సత్తు గిన్నెలూ అంతే. వీటి గురించి మన ఇళ్ళలో పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులయింది. అప్పట్లో టీవీకి యాంటెన్నా రంధ్రం తప్ప మరొకటి లేక బాధ. ఇప్పటి టీవీలకు పాత యాంటెన్నా మార్గమే అక్కరలేదు. కాబట్టి మీ అటక మీద ఉన్న సమురాయ్‌కో లిటిల్ మాస్టర్‌కో బొమ్మ రావాలంటే, సూట్‌కేసులో వచ్చిన ఫ్యామికామ్‌కు ఆనాడు చేయవలసివచ్చిన ఆ ఏవీ పనే మళ్ళీ చేయాలి. ముందు మూత తీసి చూడండి. కాళ్ళున్న రెండు పెద్ద చిప్పులు కనిపిస్తే అది తొలినాటిది, దాచుకోదగినది. నల్ల బొట్టు కనిపిస్తే చేయగలిగింది తక్కువ. కెపాసిటర్ల నెత్తి ఉబ్బినా, కాళ్ళ దగ్గర జిగట కారినా ముందు అవి మార్చాలి. లేకుంటే ఆ ద్రవం రాగిని తినేస్తుంది. 7805 కాళ్ళకు రోజిన్ పూసి, పాత సోల్డరు తీసి, కొత్తది పెట్టించాలి. మన బజారులో తిరిగిన కాంట్రా, మారియో కార్ట్రిజ్‌లకు బ్యాటరీ లేదు గనుక ఆ బెడద లేదు. జెల్డా వంటి ఆటలను భద్రపరచుకునే దిగుమతి కార్ట్రిజ్‌లలో మాత్రం నాణెం బ్యాటరీ ఉంటుంది, అది ఈపాటికి చచ్చే ఉంటుంది. కొత్త బ్యాటరీ మీద నేరుగా ఐరన్ పెట్టనివ్వకండి, పేలవచ్చు. రేకు కాళ్ళు ముందే వెల్డు చేసిన బ్యాటరీలు దొరుకుతాయి.

మరొక్క విన్నపం. బొమ్మ మరింత నాణ్యంగా రావాలని చిత్రాల చిప్పునే 40 కాళ్ళతో ఊడదీసి, కింద కొత్త బోర్డు పెట్టి హెచ్‌డీఎంఐ అమర్చే పద్ధతులు నేడున్నాయి. నింటెండో యంత్రాలు ప్రపంచంలో కోట్ల సంఖ్యలో ఉన్నాయి. వాటి మీద ఎవరు ఏ ప్రయోగం చేసుకున్నా నష్టం లేదు. మన ఇళ్ళలో ఆడిన నకళ్ళను ఏ మ్యూజియమూ లెక్కపెట్టలేదు, ఏ కంపెనీ దస్త్రాలలోనూ వాటి పటాలు లేవు. కాబట్టి వాటికి చేసే మార్పు వెనక్కి తీయగలిగేదై ఉండాలి. కాలు కోయవద్దు, పైకి లేపండి. ప్లాస్టిక్కుకు కొత్త రంధ్రం చేయవద్దు, పాత యాంటెన్నా రంధ్రంలోంచే తీగ తీయండి. మార్చేముందు బోర్డుకు రెండు వైపులా ఫోటోలు తీసి, చిప్పుల మీది అంకెలు రాసి పెట్టుకోండి. సోల్డరింగు పాత తగరం-సీసం తీగతోనే చేయించండి. పాత బోర్డు మీద అదే ఉన్నది, తక్కువ వేడితో రాగిబిళ్ళలు లేవకుండా పని జరుగుతుంది. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో రోజిన్ తుడిపించి, పని చేసిన మనిషి టీ తాగేముందు ఆయన చేతికి సబ్బు అందించండి.